మిర్యాలగూడ నుంచి మడ అడవి దాకా

పిల్లలూ! మిర్యాలగూడ బజారులో ఎవరినైనా ఆపి, "సముద్రం ఎటు వైపున ఉన్నదండీ?" అని అడిగి చూడండి. నవ్విపోతారు. ఎటు చూసినా వరిమళ్ళూ, బియ్యం మిల్లులూ, ధాన్యం బస్తాలతో బారులు తీరిన లారీలూ కనబడే ఊళ్ళో సముద్రం మాట ఎందుకు వస్తుంది?

కాని సముద్రానికి పోయే దారి ఒకటి ఆ ఊరికి దగ్గరలోనే ఉన్నది. అది రోడ్డు కాదు, రైలుదారీ కాదు. అది కృష్ణానది. ఆ నది వెంబడి పోతే నడుమ ఒక కొండ అడవీ, చిట్టచివర ఒక వింత అడవీ కనబడతాయి. ఆ చివరి అడవి ఉప్పునీటిలో పెరుగుతుంది. అక్కడ చెట్ల వేళ్ళు పైకి లేస్తాయి. విత్తనాలు కొమ్మ మీదనే మొలకెత్తుతాయి. పిల్లి నీళ్ళలో దిగి చేపలు పట్టుకుంటుంది!

నమ్మకం కలగటం లేదా? అయితే వచ్చే సంక్రాంతి సెలవులకు అమ్మనూ నాన్ననూ బయలుదేరదీయండి. ఈ ప్రయాణానికి చలికాలమే మంచిది. ఎండ బాధ ఉండదు. తుపానుల రోజులు దాటిపోయి ఉంటాయి. పైగా దారిలో తేగలు దొరుకుతాయి.

వాడపల్లి పిట్ట

ముందుగా మిర్యాలగూడకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న వాడపల్లికి వెళ్ళండి. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నగరం నడుమగా ప్రవహించి వచ్చిన మూసీనది ఇక్కడ కృష్ణలో కలుస్తుంది. అప్పటికే కృష్ణ మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుట్టి, కర్ణాటక దాటి చాలా దూరం నడిచి వచ్చి ఉంటుంది. పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా ఆ నది పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు.

సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి ఉన్నది. ఆ గుడికి ఒక చక్కని కథ ఉన్నది.

ఒకనాడు ఒక బోయవాడు ఒక పిట్టను తరుముకుంటూ వచ్చాడట. పిట్ట ప్రాణభయంతో వచ్చి శివలింగం వెనక దాక్కున్నది.

"నా పిట్టను నాకు ఇచ్చెయ్యి," అన్నాడు బోయవాడు.

"నన్ను శరణన్నదాన్ని ఎట్లా ఇస్తాను?" అన్నాడు శివుడు.

"మరి నా ఆకలి సంగతేమిటి?"

"అంత ఆకలైతే నా తల మాంసం తీసుకో," అన్నాడు శివుడు.

బోయవాడు వెనకాముందూ చూడక పది వేళ్ళూ గుచ్చి మాంసం తీసుకున్నాడట. లింగం మీద ఆ వేళ్ళ గుర్తులను ఇప్పటికీ చూపిస్తారు. ఆ గాయాన్ని కడగటానికి గంగ దిగి వచ్చిందనీ, అందుకే లింగం పైనున్న గుంటలో నీళ్ళు ఎంత తీసినా తరగవనీ చెప్పుకుంటారు.

ఈ కథను కొంగున ముడివేసుకోండి. ప్రయాణం చివర దీనితో పని పడుతుంది.

ఇక్కడ మరొకటి గమనించండి. వానాకాలంలో ఏటి నీరు ఎర్రగా, మురికిగా కనబడుతుంది. ఆ నీటిని పెద్దవాళ్ళ చేత ఒక గాజుగ్లాసులో పట్టించి రాత్రంతా కదపకుండా ఉంచితే, తెల్లవారేసరికి పైన నీరు తేటపడి, అడుగున మెత్తని మట్టి పేరుకుంటుంది. దీన్నే ఒండ్రు అంటారు. ఎక్కడి కొండలో అరిగి, ఎక్కడి చేలో కొట్టుకుపోయి, నది వెంట నడిచి వచ్చిన మట్టి అది. అది ఎక్కడికి పోతున్నదో చూడటానికే మన ప్రయాణం.

ఎగువన ఒక గోడ

దిగువకు సాగిపోయే ముందు ఒక్కసారి ఎగువకు చూడాలి. అక్కడ నాగార్జునసాగర్ ఆనకట్ట ఉన్నది. 1955 డిసెంబరు 10న జవహర్లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. రాతితో కట్టిన ఈ గోడ ఎత్తు సుమారు 124 మీటర్లు. దానికి 26 గేట్లు. కట్ట కట్టితే మునిగిపోయే లోయలో ప్రాచీన బౌద్ధవిహారాలు ఉండేవి. వాటిని తవ్వి తీసి, దొరికిన శిల్పాలను కొండమీదికి చేర్చారు. ఇప్పుడు ఆ కొండ నీళ్ళ నడుమ దీవి అయింది. అదే నాగార్జునకొండ. లాంచీలో వెళ్ళి చూడవచ్చు.

ఈ సాగర్ ఎడమకాలువ నీళ్ళు వచ్చిన తరువాతనే మిర్యాలగూడ చుట్టుపక్కల మెట్టచేలు మాగాణులయ్యాయి. మిల్లుల మీద మిల్లులు లేచాయి. మీ కంచంలో అన్నం ఈ నది పెట్టిందే.

అయితే ఒక సంగతి. నీళ్ళు ఆగినచోట మట్టి కూడా ఆగుతుంది. ఇది గుర్తుంచుకోండి.

పుంటికూర పేరు మార్చుకున్నది

ఇప్పుడు గుంటూరు వైపు వెళ్ళే రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. సకినాలూ, పులిహోర పొట్లాలూ మరిచిపోవద్దు. విష్ణుపురం దాటిన తరువాత రైలు కృష్ణ మీది వంతెన ఎక్కుతుంది. అవతలి ఒడ్డున ఉన్నది పొందుగల. అంటే మీరు తెలంగాణ విడిచి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టారన్నమాట! నడికుడి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి దాటి గుంటూరు చేరుకుంటారు.

గుంటూరులో భోజనానికి కూర్చుంటే ఆకులో గోంగూర పచ్చడి వడ్డిస్తారు. అదేమిటో కొత్త వంట అనుకునేరు! మీ ఇంట్లో పుంటికూర అంటారే, అదే ఇది. వంతెన దాటగానే పేరు మార్చుకున్నది. వేడి అన్నంలో ఇంత గోంగూర, ఒక చుక్క నూనె వేసి కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్క నంజుకోండి. కారం ఎక్కువైతే నీళ్ళు తాగవద్దు, పెరుగన్నం తినండి. మిరపకాయలోని మంట నీళ్ళలో కరగదు కనుక నీళ్ళు తాగినా పోదు. పాలూ పెరుగూ దాన్ని తగ్గిస్తాయి.

తీరిక ఉంటే గుంటూరు నుంచి అమరావతికి వెళ్ళి, రెండువేల ఏళ్ళనాటి స్తూపం ఉన్న చోటునూ, అక్కడి మ్యూజియాన్నీ చూడండి. ఆ స్తూపపు సున్నపురాతి శిల్పాల్లో చాలా భాగం ఇప్పుడు చెన్నై మ్యూజియంలోనూ, లండన్ నగరంలోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

బెజవాడలో కొండ అడవి

విజయవాడలో కనకదుర్గమ్మ కొండ పక్కనే కృష్ణకు అడ్డంగా ప్రకాశం బ్యారేజి ఉన్నది. 1855 నాటికే ఇక్కడ ఒక ఆనకట్ట కట్టారు. 1952లో వరదకు అది తెగిపోగా కొత్తగా ఈ బ్యారేజిని కట్టి 1957లో పూర్తి చేశారు. దీని పొడవు ఒక కిలోమీటరు పైమాటే. దీనికి 70 గేట్లు. ఆంధ్రరాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు దీనికి పెట్టారు. దీని మీద నిలబడి దిగువకు చూడండి. ఇక్కడి నుంచి కాలువలు చేతివేళ్ళలాగా విడిపోయి సముద్రం దాకా పచ్చని చేలను తడుపుతాయి.

ఈ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉన్నది. మీ ఇంట్లో బొమ్మల కొలువు పెడితే ఏనుగు అంబారీ, తాటిచెట్టు ఎక్కే గీతగాడు, దశావతారాలు ఉండి ఉంటాయి. వాటి పుట్టిల్లు ఇదే. వాటిని తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఆ చెట్టు ఇక్కడి కొండ అడవిలో పెరుగుతుంది. ఆ కర్ర బెండులాగా తేలిక. దాన్ని సన్నని సెగ మీద ఆరబెట్టి, చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపిన ముద్దతో వాటిని అతికిస్తారు. ఆ ముద్దను మక్కు అంటారు. తరువాత రంగులు వేస్తారు. పొణికి చెట్లు మునుపటంత దొరకటం లేదు. చెట్టు లేకపోతే కర్ర లేదు; కర్ర లేకపోతే బొమ్మా లేదు, బొమ్మలు చేసేవాడికి బువ్వా లేదు. అందుకని మళ్ళీ ఆ మొక్కలను నాటుతున్నారు.

రాత్రి భోజనంలో ఉలవచారు అడగండి. పూర్వం ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి పెట్టి, వార్చిన కట్టును పారబొయ్యక చింతపండు వేసి చారు కాచుకునేవారు. గంటల తరబడి మరిగి మరిగి అది చిక్కబడుతుంది. అన్నంలో పోసుకుని, పైన ఇంత మీగడ వేసుకుని తింటే, ఎడ్లకు అంత బలం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది!

బందరు లడ్డు

మరునాడు బస్సులో పామర్రు దాకా వెళితే అక్కడ దారి చీలుతుంది. ఒక దారి నాట్యానికి పేరుపొందిన కూచిపూడి మీదుగా దివిసీమకు పోతుంది. మరొక దారి బందరుకు పోతుంది. మనం ముందు బందరు చూద్దాం.

బందరు అంటే మచిలీపట్నం. ఒకప్పుడు ఇది పెద్ద రేవు. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. డచ్చివాళ్ళూ, ఫ్రెంచివాళ్ళూ కూడా వచ్చారు. అందరికీ కావలసింది ఇక్కడి రంగుల బట్టలే. ఈనాటికీ పక్కనున్న పెడనలో చెక్క అచ్చులతో, చెట్ల నుంచీ ఆకుల నుంచీ తీసిన రంగులతో కలంకారీ బట్టలు అద్దుతారు.

మీరు ఎదురుచూస్తున్నది బట్టల కోసం కాదు, లడ్డు కోసం! బందరు లడ్డు అన్ని లడ్లలాంటిది కాదు. శనగపిండిని కారప్పూసలాగా నూనెలో వేయిస్తారు. దాన్ని రోట్లో దంచి, జల్లెడ పడతారు. ఆ పొడిని బెల్లం పాకంలో వేసి, నెయ్యి పోస్తూ మళ్ళీ రోకళ్ళతో దంచుతారు. అందుకే దీనికి తొక్కుడు లడ్డు అని పేరు. నోట్లో వేసుకుంటే పలుకు తగలదు, వెన్నలాగా కరిగిపోతుంది. ఆ మెత్తదనమంతా దంచిన చేతుల కష్టం.

సాయంకాలం మంగినపూడి సముద్రతీరానికి వెళ్ళండి. మిగతా చోట్ల ఒడ్డున తెల్లని ఇసుక ఉంటే, ఇక్కడ నల్లని మెత్తటి మట్టి కాళ్ళకు అంటుకుంటుంది. చేతిలోకి తీసుకుని చూడండి. వాడపల్లి గ్లాసు అడుగున మీరు చూసినదే ఈ ఒండ్రు! వేల ఏళ్ళుగా కృష్ణ తెచ్చి పోసిన మట్టితోనే ఇక్కడి నేలంతా తయారయింది. సముద్రం కూడా అందుకే ఇక్కడ చాలా దూరం దాకా లోతు లేకుండా ఉంటుంది.

లోతు లేని సముద్రం ఆడుకోవటానికి బాగానే ఉంటుంది. కాని తుపాను వచ్చినప్పుడు అదే ప్రమాదం. పెనుగాలి నీటిని ఒడ్డుకు నెడుతుంది. లోతుంటే ఆ నీరు అడుగునుంచి వెనక్కు పోగలదు. లోతు లేకపోతే పోయే దారి లేక పైకి లేచి ఊళ్ళ మీద పడుతుంది. దాన్నే ఉప్పెన అంటారు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు.

దివిసీమ

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరుకోండి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి ఒక సీమను కౌగలించుకుంటుంది. అదే దివిసీమ. దివి అంటే దీవి. పచ్చని వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు.

దారి పక్కన తంపటి తేగలు అమ్ముతుంటారు, కొనుక్కోండి. తాటిటెంకలను మట్టిలో పాతర వేస్తే కొన్ని నెలలకు కిందికి బలంగా మొలక దిగుతుంది. దాన్ని తవ్వి తీసి, కుండలో పేర్చి, చుట్టూ మంట వేసి కాలుస్తారు. అదే తేగ. ఈనె తీసేసి, కొరుక్కుని తినాలి.

మాంసాహారం తినేవాళ్ళకు ఇక్కడ పండుగే. మట్టిదాకలో చింతపండు పులుసుతో వండిన చేపలు, రొయ్యల వేపుడు, పీతల కూర. చేపల పులుసు వండిన పూట కంటే మరునాడు పొద్దున చద్దన్నంలో బాగుంటుందని ఇక్కడివాళ్ళు చెబుతారు. తిననివాళ్ళకు ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు ఉండనే ఉన్నాయి.

తిన్న తరువాత ఊళ్ళో పెద్దవాళ్ళను ఎవరినైనా, "తాతా, ఉప్పెన నాడు మీరెక్కడ ఉన్నారు?" అని నెమ్మదిగా అడగండి. 1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీదికి వచ్చింది. పదివేల మందికి పైగా చనిపోయారు. పశువులకు లెక్క లేదు. చెట్టు కొమ్మలు పట్టుకుని రాత్రంతా వేళ్ళాడి బతికినవాళ్ళున్నారు. ఆ కథ వినేటప్పుడు మధ్యలో ప్రశ్నలు వేయకండి. చెప్పినంత వినండి.

వింత అడవి

ఇప్పుడు చివరి మజిలీ. కోడూరు మీదుగా హంసలదీవికి వెళ్ళండి. ఇక్కడ వేణుగోపాలస్వామి గుడి ఉన్నది. పాపులు మునిగి మునిగి గంగ నల్లని కాకిగా మారిపోయిందట. ఎన్నో తీర్థాల్లో మునిగి, చివరకు ఇక్కడ మునిగేసరికి తెల్లని హంస అయిందట. అందుకే ఈ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. ఇంకా ముందుకు పోతే కృష్ణ సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఒడ్డున నిలబడి చూడండి గాని నీళ్ళలో దిగవద్దు. నదీ సముద్రమూ పెనుగులాడే చోట సుడులుంటాయి.

ఈ ప్రాంతమంతా కృష్ణా అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. అటవీశాఖవారి అనుమతి తీసుకుని, తెలిసినవాళ్ళ వెంట వెళ్ళాలి. ఇక్కడ పెరిగేదే మడ అడవి.

నీరు తీసిన వేళ, అంటే పాటు సమయాన చూడండి. బురద నిండా పెన్సిళ్ళు గుచ్చినట్టు వేళ్ళు నిలబడి ఉంటాయి. అవి మడచెట్టు ఊపిరి వేళ్ళు. బురదలో గాలి ఉండదు కనుక, ఆ వేళ్ళు పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. మడ ఆకు మీద వేలితో రాచి నాలుకకు తగిలించుకుంటే ఉప్పగా ఉంటుంది. వేళ్ళతో తాగిన ఉప్పును ఆ చెట్టు ఆకుల గుండా బయటకు పంపేస్తుంది. అయితే ప్రతి ఆకునూ ముట్టుకోకండి. తిల్ల అనే చెట్టు ఉన్నది. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. మీ వెంట వచ్చినవాళ్ళు చూపించిన చెట్టునే తాకండి.

ఉప్పుపొన్న చెట్టు మరీ వింతది. తాటిటెంక మట్టిలో మొలకెత్తితే తేగ వచ్చిందని చూశాం కదా! ఉప్పుపొన్న విత్తనం కొమ్మను విడవకముందే మొలకెత్తుతుంది. పొడుగాటి ఈటెలాగా పెరిగి, కిందపడి బురదలో నిలుచుంటుంది. పోటు వచ్చి కొట్టుకుపోయినా ఫరవాలేదు. మరోచోట పాతుకుంటుంది.

బురద మీద గెంతే చిన్న చేపలనూ, ఒక డెక్క పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉన్న పీతలనూ చూడండి. చేపలు పట్టే బావురుపిల్లి రాత్రి తిరుగుతుంది కనుక దాని అడుగుల గుర్తులు కనబడినా అదృష్టమే. చలికాలం చివర సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టిపోతాయి. మీరు తిన్న రొయ్యలూ పీతలూ కూడా చాలావరకు ఇటువంటి అడవి నీడలోనే పుట్టి పెరుగుతాయి.

ఇక వాడపల్లి కథ ముడి విప్పండి. తరుముకొచ్చే బోయ ఉప్పెన. భయపడిన పిట్ట ఊరు. అడ్డం నిలబడి తన తల ఇచ్చేది ఈ అడవి. ఇది ఒట్టి పోలిక కాదు. 1999లో ఒడిశాను పెనుతుపాను కొట్టినప్పుడు, కేంద్రపడా జిల్లాలోని పల్లెల లెక్కలు తీసి పరిశోధకులు చూశారు. సముద్రానికీ ఊరికీ నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తక్కువగా ఉన్నాయి. అడవి ఉప్పెనను ఆపివేయలేదు. దాని ఊపు తగ్గిస్తుంది. ముందుగా హెచ్చరికలూ, తుపాను షెల్టర్లూ కూడా ఉండవలసిందే.

కాని వంటచెరకు కోసమూ, రొయ్యల చెరువుల కోసమూ మడ అడవిని చాలా చోట్ల కొట్టివేశారు. ఇప్పుడు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, వాటిలోకి పోటునీరు రానిచ్చి, గట్ల మీద మళ్ళీ మొక్కలు నాటుతున్నారు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఎగువన శ్రీశైలం, సాగర్, పులిచింతల ఆనకట్టల వెనక మట్టి ఆగిపోవటంతో ఇక్కడికి వచ్చే ఒండ్రు చాలా తగ్గింది. పోసే చెయ్యి తగ్గితే కోసే చెయ్యి గెలుస్తుంది. తీరాన్ని కొన్ని చోట్ల సముద్రం కోసివేస్తున్నది. మిర్యాలగూడ అన్నానికీ, దివిసీమ నేలకూ ఇంత చుట్టరికం ఉన్నది!

ఆనకట్టలు లేకుండా మనకు అన్నం లేదు. మరి మీరు చేయగలిగినదేమిటి? పెద్ద పని కాదు. తిరిగి వచ్చేటప్పుడు లడ్లు తెచ్చుకోండి, బొమ్మ తెచ్చుకోండి, కాని ప్లాస్టిక్ సంచిని ఏ కాలువలోనూ పారవేయకండి. మూసీలో పడ్డ సంచి కృష్ణలో పడుతుంది. కృష్ణలో పడ్డది వరదతో మడ అడవి దాకా పోతుంది. అక్కడి ఊపిరి వేళ్ళకు అది చుట్టుకుంటే చెట్టు ఉక్కిరిబిక్కిరవుతుంది.

ఇంటికి చేరిన తరువాత మళ్ళీ ఎవరినైనా, "సముద్రం ఎటు వైపున ఉన్నది?" అని అడగండి. వాళ్ళు నవ్వితే, మీరూ నవ్వి, వాళ్ళకు ఒక బందరు లడ్డు పెట్టి, మడ అడవి కథ చెప్పండి.